పిల్లలపై లైంగిక వేధింపుల అనుమానం: చెన్నైలో ఫిర్యాదు చేసే విధానం

కొరుక్కుపేటలో ఉండే ఒక తెలుగు తల్లి కొంగున ముడివేసి దాచుకున్న కాగితాన్ని విప్పి, "కేసు పెట్టేశారక్కా, ఇరవై రోజులైంది, ఎవరూ రాలేదు" అని నా చేతికిచ్చింది. అది కేసు నమోదైందని చూపే ఎఫ్‌ఐఆర్ కాదు, ఫిర్యాదు అందిందని మాత్రమే చెప్పే సీఎస్‌ఆర్ రసీదు. ఆ ఫిర్యాదును తమిళంలో రాసిపెట్టినందుకు స్టేషన్ బయట ఒకతను ఆమె దగ్గర ఎనిమిది వందలు తీసుకున్నాడు.

ఫిర్యాదుకు ఎక్కడా రుసుము లేదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ అత్యవసర నంబరు 112కి గానీ ఫోన్ చేయవచ్చు, దగ్గరలోని మహిళా పోలీస్ స్టేషన్‌కు వెళ్ళి నోటిమాటగానైనా చెప్పవచ్చు. తల్లిదండ్రులే రావాలన్న నియమం లేదు. పక్కింటివారైనా, టీచరైనా చెప్పవచ్చు. రుజువు తెమ్మని, ముందుగా డాక్టరు సర్టిఫికెట్ తెమ్మని ఎవరైనా అంటే నమ్మవద్దు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం నేరం జరగవచ్చన్న భయం కలిగినా తెలియజేయాలి, మంచి ఉద్దేశంతో చెప్పినవారిపై ఆ కారణంగా కేసు ఉండదు. ఎఫ్‌ఐఆర్ కాకముందే వైద్యపరీక్ష చేయించేందుకు కూడా 27వ సెక్షన్ వీలు కల్పిస్తోంది. బిడ్డ వేసుకున్న బట్టలను ఉతకకుండా కాగితపు సంచిలో ఉంచండి. ఏం జరిగిందని బిడ్డను పదేపదే అడగకండి. చెప్పినంత వినండి, చాలు.

మనవాళ్ళు ఎక్కువగా తడబడేది సంతకం దగ్గర, ఆ తర్వాత చేతికిచ్చే కాగితం దగ్గర. రాసుకున్నది తమిళంలో ఉంటే, దాన్ని చదివి వినిపించి, తెలుగులో అర్థం చెప్పించమని అడగండి; చదివి వినిపించడం పోలీసుల బాధ్యత, బిడ్డకు తెలియని భాషలో రాస్తే అనువాదకుణ్ణి ఏర్పాటు చేయాలని కూడా చట్టంలోనే ఉంది, కాబట్టి తొందరపెట్టినా అర్థమయ్యాకే సంతకం చేయండి. కాగితం మీద ఎఫ్‌ఐఆర్ నంబరు, పోక్సో సెక్షన్లు ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. "మా పరిధి కాదు" అన్నా, పరిధితో పనిలేకుండా రాసే జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి సంబంధిత స్టేషన్‌కు పంపవలసింది వాళ్ళే. నమోదు చేయకపోవడం 21వ సెక్షన్ కింద నేరం. అలా తిప్పిపంపితే అదే ఫిర్యాదును కమిషనర్ కార్యాలయానికి స్పీడ్ పోస్టులో పంపి, పోస్టాఫీసు రసీదు దాచుకోండి.

పోలీసులంటే బిడ్డ భయపడుతుందని వెనకాడేవారున్నారు. వాంగ్మూలాన్ని ఇంట్లో గానీ బిడ్డ కోరిన చోట గానీ, తల్లిదండ్రుల సమక్షంలో, యూనిఫాం లేకుండా తీసుకోవాలి, వీలైనంతవరకు మహిళా అధికారే తీసుకోవాలి. రాత్రిపూట బిడ్డను స్టేషన్‌లో ఉంచకూడదు. పేరు, చిరునామా పత్రికల్లో రాకూడదు.

పోలీసులు 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీకి సమాచారమివ్వాలి. ఆ కమిటీ విచారణ పొడవునా బిడ్డ వెంట ఉండే సహాయకుణ్ణి నియమించగలదు. తెలుగు తెలిసినవారిని ఇమ్మని మొదటి రోజే అడగండి.