పాత లారీ లాగడం లేదా? పంపు స్క్రూ తిప్పకముందు డీజిల్ ప్రెషర్, నాజిళ్లు ఇలా చూసుకోండి

విజయనగరం నుంచి సాలూరు మీదుగా కోరాపుట్ వైపు లోడుతో ఘాట్ ఎక్కుతుంటే పాత బండి నల్లపొగ కక్కుతూ మొరాయిస్తుంది. అప్పుడు చాలామంది నోట వచ్చే మొదటి మాట "పంపు పెంచించాలి". మా ఇంట్లో ఆరు సిలిండర్ల లారీ ఉన్న రోజుల్లో మేమూ అదే చేశాం. ఒక షాపులో పంపు సీలు తీసి, ఇంజిన్‌కి వెళ్లే డీజిల్ మోతాదు పెంచే స్క్రూ తిప్పారు. కొన్నాళ్లు బండి బ్రహ్మాండంగా లాగింది. తర్వాత ఒక పిస్టన్ పోయింది. విప్పి చూస్తే దాని తల మీద వేలు దిగేంత గుంట పడింది. అసలు జబ్బు పంపుది కాదు, ఆ సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ కారుతోంది. డీజిల్ ఎక్కువ పంపేసరికి ఆ కారడం ఇంకా పెరిగింది. అందుకే పంపు స్క్రూ జోలికి చివరి దాకా వెళ్లొద్దంటాను.

ఇక్కడ చెప్పేదంతా మెకానికల్ ఇన్‌లైన్ పంపు (ఒక్కో సిలిండర్‌కి విడిగా డీజిల్ కొట్టే పాతరకం పంపు) ఉన్న పాత డీజిల్ ఇంజిన్లకే. కామన్ రైల్ బండిలో (అన్ని నాజిళ్లకూ ఒకే హై ప్రెషర్ గొట్టం నుంచి డీజిల్ వెళ్లే కొత్తరకం) ప్రెషర్ వెయ్యి బార్ దాటిపోతుంది. దాని పైపులు మీరు వదులు చేయకండి.

ముందు ట్యాంకు వైపు నుంచి మొదలుపెట్టండి. ఫిల్టర్ కింద డ్రెయిన్ ప్లగ్ తీసి కాస్త డీజిల్‌ని గాజు సీసాలోకి పట్టండి. అడుగున నీళ్లు వేరుగా కనిపిస్తే శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా వదలండి. వానాకాలంలో ఇది తరచుగా చూసుకోవాలి. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు (ట్యాంకులోని డీజిల్‌ని లాగి పెద్ద పంపుకి అందించేది) దాకా ఉన్న రబ్బరు పైపును జాగ్రత్తగా పరిశీలించండి. ఈ భాగంలో పగులు ఉంటే డీజిల్ బయటికి కారకుండానే గాలి లోపలికి లాగేస్తుంది, కాబట్టి తడి కనిపించలేదని వదిలేయొద్దు.

తర్వాత ఫిల్టర్‌కి, పంపుకి మధ్య చిన్న ప్రెషర్ గేజ్ బిగించండి. ఇలాంటి ఇంజిన్లలో ఫీడ్ ప్రెషర్ సాధారణంగా 1 నుంచి 2.5 బార్ దాకా ఉంటుంది. మీ బండి లెక్క మాన్యువల్‌లో చూసుకోండి. ఐడిల్‌లో బాగుండి, రేసు ఇవ్వగానే పడిపోతే ముందుగా అనుమానించాల్సింది ఫిల్టర్‌నే. కొత్తది వేసినా ముల్లు లేవకపోతే ఫీడ్ పంపు వాల్వులు, పంపు మీది ఓవర్‌ఫ్లో వాల్వు స్ప్రింగ్ చూడాలి. లోడు మీద మాత్రమే లాగని బండ్లలో సగం రోగం ఇక్కడే దొరుకుతుంది.

ఫిల్టర్ మార్చాక గాలి తీయాలి. ఫిల్టర్ మీది బ్లీడ్ స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా చేతి ప్రైమర్ కొట్టి, బిగించండి. పంపు మీది బ్లీడ్ స్క్రూ దగ్గర కూడా అంతే.

ఇప్పుడు ఏ సిలిండర్ పనిచేయడం లేదో పట్టుకోవాలి. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా, ఒక్కో నాజిల్ దగ్గర పైపు నట్టు మీద గుడ్డ కప్పి అర చుట్టు వదులు చేసి, మళ్లీ బిగించండి. మంచి సిలిండర్ అయితే ఇంజిన్ శబ్దం వెంటనే మారి కుంటుతుంది. ఏ మార్పూ లేకపోతే మీరు వెతుకుతున్నది అదే. కళ్లద్దాలు పెట్టుకోండి, వేలు అడ్డం పెట్టకండి.

నాజిల్ విప్పే ముందు చుట్టూ మట్టి శుభ్రం చేయండి. ఒక్క ఇసుక రేణువు చాలు, కొత్త నాజిల్ కూడా పాడైపోతుంది. తీశాక కింద పాత రాగి వాషర్ సీటులోనే ఉండిపోయిందేమో చూడండి. దాని మీద ఇంకోటి వేస్తే నాజిల్ ఎత్తుగా కూర్చుని కంప్రెషన్ లీకవుతుంది.

నాజిల్ లోపలి సూదిని, అది కదిలే బాడీని శుభ్రమైన డీజిల్‌లో కడగండి. ఒకదాని సూది ఇంకోదానిలో వేయకూడదు, అవి జతగానే అరగదీసి చేసినవి. సూదిని మూడో వంతు బయటికి తీసి, బాడీని ఏటవాలుగా పట్టుకుని వదిలిపెట్టండి. మాకు పని నేర్పిన మేస్త్రి అనేవారు: "దానంతటది జారాల బాబూ, నువ్వు తొయ్యకూడదు." మధ్యలో ఆగితే మళ్లీ కడగండి. అప్పటికీ ఆగితే ఆ జత మార్చాల్సిందే.

ఇక నాజిల్ టెస్టర్, అంటే లివర్‌తో నాజిల్‌కి డీజిల్ ప్రెషర్ ఇచ్చి చూసే గేజ్ ఉన్న చేతి పంపు. సొంతంగా లేకపోతే డీజిల్ పంపు షాపుకి తీసుకెళ్లి, దగ్గరుండి చూడండి. నాజిల్ ముందు చెయ్యి పెట్టొద్దు. ఆ ప్రెషర్‌లో డీజిల్ చర్మం లోపలికి దూసుకెళ్తుంది. పైకి చిన్న గుచ్చినట్టే ఉన్నా, ఆపరేషన్ దాకా వెళ్తుంది. అలా జరిగితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

లివర్ నొక్కుతూ ఏ అంకె దగ్గర నాజిల్ తెరుచుకుంటుందో గేజ్ మీద చూసి రాసుకోండి. పాత ట్రక్ ఇంజిన్లలో ఇది చాలావరకు 180 నుంచి 250 బార్ మధ్య ఉంటుంది, కచ్చితమైన అంకె మాన్యువల్‌దే. తక్కువ ఉంటే స్ప్రింగ్ దగ్గర కాస్త మందం షిమ్ (పల్చటి లోహపు బిళ్ల) వేయాలి, లేదా అడ్జస్టింగ్ స్క్రూ ఉంటే కొద్దిగా బిగించాలి. ఒకేసారి ఎక్కువ మార్చకండి, ప్రతిసారీ మళ్లీ టెస్ట్ చేయండి. ఆరింటికీ ఒకే ప్రెషర్ ఉండాలి, తేడా ఉంటే ఐడిల్‌లో ఇంజిన్ వణుకుతుంది.

తెరుచుకునే ప్రెషర్‌కి 20 బార్ తక్కువలో పది సెకన్లు పట్టి ఉంచండి. కొనన చుక్క రాలకూడదు. మా పిస్టన్‌ని తినేసింది ఈ చుక్కే. తర్వాత గట్టిగా కొట్టి చూస్తే అన్ని రంధ్రాల నుంచి సమానంగా పొగమంచులా రావాలి. ఒక్క ధార నీళ్లలా పడినా ఆ నాజిల్ వద్దు.

కొత్త రాగి వాషర్లు వేసి, మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి బిగించి, పైపుల గాలి తీసి స్టార్ట్ చేయండి. ఒక లోడు ఘాట్ ఎక్కించి రండి. వచ్చాక ఇంజిన్ ఆపి, చల్లారనిచ్చి, ప్రతి నట్టు చుట్టూ పొడి కాగితం ఒత్తి చూడండి. తడి అంటిన నట్టు బిగించి, ఏ సిలిండర్ నాజిల్ ఏ ప్రెషర్‌కి సెట్ చేశారో బండి పుస్తకంలో తేదీతో సహా రాసి పెట్టుకోండి.