మీడియా టెక్నాలజీలో రీసెర్చ్ పేపరు: సిద్ధాంతం ఎంపిక నుంచి ఊళ్లో ప్రశ్న అడిగేదాకా

‘సోషల్ మీడియా ప్రభావం: ఒక అధ్యయనం’. రీసెర్చ్ మెథడ్స్ పేపరున్న ఏ తరగతిలో చూసినా ఇలాంటి శీర్షికలు నాలుగైదు తగులుతాయి. ఎవరి మీద ప్రభావమో, ఏ యాప్‌దో, దేన్ని కొలిచి ప్రభావం అంటామో ఇందులో లేదు. పైగా ‘ప్రభావం’ అన్నామంటే ఒకటి కారణం, రెండోది ఫలితం అని తేల్చే బాధ్యత నెత్తికెత్తుకున్నట్టే. ఒక్కసారి వెళ్లి ప్రశ్నలడిగి వచ్చే సర్వేతో ఆ పని కాదు. ఫోను ఎక్కువ చూసే పిల్లలకు మార్కులు తక్కువని లెక్కల్లో తేలినా, ఫోను వల్ల మార్కులు తగ్గాయో, చదువు మీద ఆసక్తి పోయాకే ఫోను పట్టారో ఆ సర్వే చెప్పలేదు. శీర్షికలో ‘ప్రభావం’ ఉన్నచోట ‘వాడకం’, ‘ఎంపిక’, ‘అందుబాటు’ అని పెట్టి చూడండి. సగం చిక్కులు అక్కడే పోతాయి.

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు చదువుకునే తెలుగు విద్యార్థులు మంచి ప్రశ్న కోసం దూరం పోనక్కర్లేదు. గంజాం తీరమే తీసుకుందాం. గోపాల్‌పూర్ చుట్టుపక్కల మత్స్యకార పల్లెల్లో తెలుగు మాట్లాడే ఇళ్లు చాలా ఉన్నాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను ఆ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. హెచ్చరిక ఒక భాషలో వస్తే, ఇంట్లో మాట ఇంకో భాషలో నడిచే చోటు ఇది. కాబట్టి ప్రశ్నను ఇలా పెట్టవచ్చు: ‘ఫలానా పల్లెలో తెలుగు మాట్లాడే పడవ యజమానులు వేటకు వెళ్లే ముందురోజు వాతావరణ సమాచారాన్ని ఏ మాధ్యమంలో, ఏ భాషలో తెలుసుకుంటున్నారు, దాన్ని ఎవరిని అడిగి ఖాయం చేసుకుంటున్నారు?’ ఎవరు, ఎక్కడ, ఏది, ఎప్పుడు అన్నవి నాలుగూ ఒకే వాక్యంలో ఉన్నాయి. మీ ప్రశ్న ఒక వాక్యంలో ఇమడకపోతే అది ఇంకా ప్రశ్న కాలేదు, విషయంగానే ఉంది.

సిద్ధాంతం ఒక్కటి చాలు

రెండో అధ్యాయంలో, అంటే ఇదివరకటి అధ్యయనాల సమీక్షలో, అయిదు సిద్ధాంతాలు వర్ణించి, తర్వాత వాటి ఊసే ఎత్తని డిసర్టేషన్లు కొల్లలు. సిద్ధాంతం అలంకారం కాదు. ఏం అడగాలో, ఏం వదిలేయాలో అదే చెబుతుంది. పై ప్రశ్ననే తీసుకుని చూడండి. జనం ఈ యాప్‌నో, టీవీ ఛానెల్‌నో ఏ అవసరం కోసం పడతారని అడిగితే అది కాట్జ్, బ్లూమ్లర్, గురెవిచ్‌లు 1970లలో రూపుకట్టిన యూజెస్ అండ్ గ్రాటిఫికేషన్స్. వాతావరణ యాప్ మొదట ఎవరి ఫోన్లోకి వచ్చింది, అక్కడినుంచి ఎలా పాకింది అంటే ఎవరెట్ రోజర్స్ 1962లో చెప్పిన డిఫ్యూజన్. యాప్ పనికొస్తుందని అనుకుంటున్నారా, వాడటం తేలికని అనుకుంటున్నారా అంటే ఫ్రెడ్ డేవిస్ 1989 నాటి టెక్నాలజీ యాక్సెప్టెన్స్ మోడల్, పొట్టిగా టామ్. మన ప్రశ్నలో ‘ఎవరిని అడిగి ఖాయం చేసుకుంటున్నారు’ అనే ముక్క ఉంది కాబట్టి ఇక్కడ అతికేది టూ స్టెప్ ఫ్లో. 1940 అమెరికా ఎన్నికలప్పుడు ఒహాయోలోని ఈరీ కౌంటీలో లాజర్స్‌ఫెల్డ్ బృందం చేసిన అధ్యయనంలోంచి పుట్టిందది: మాధ్యమం నుంచి సమాచారం ముందు ఊళ్లో నలుగురు నమ్మే మనిషికి చేరి, ఆ మనిషి నుంచి మిగతావాళ్లకు చేరుతుందని.

టామ్ అంటే విద్యార్థులకు మోజు ఎక్కువ, ప్రశ్నలు తయారుగా దొరుకుతాయి గనక. కానీ ఒక ఫోనుకు ఒక మనిషి అన్న ఊహ మీద అది నిలబడుతుంది. ఇంటికంతా ఒకే స్మార్ట్‌ఫోను ఉండి, పగలు తండ్రి దగ్గర, రాత్రి కొడుకు చేతిలో తిరిగే ఇళ్లలో ‘మీకు ఈ యాప్ వాడటం తేలికేనా’ అని తల్లిని అడిగితే వచ్చే జవాబుకు అర్థం లేదు. అలాంటి చోట ముందు ‘ఈ ఫోను ఎవరెవరు వాడతారు, లాక్ ఎవరికి తెలుసు’ అని అడగాలి. మాధ్యమాలు దేన్ని ఎక్కువగా చూపిస్తే జనం దాన్నే ముఖ్యమనుకుంటారనే అజెండా సెటింగ్ కూడా చూడ్డానికి సులువుగానే ఉంటుంది. అయితే మెకోంబ్స్, షా 1968లో చాపెల్ హిల్‌లో 100 మంది ఓటర్లను అడగడమే కాదు, వాళ్లు చూసే పత్రికల్లో, టీవీల్లో ఏం వచ్చిందో కూడా లెక్కగట్టారు. ఆ రెండు పనులూ చేసే తీరిక ఒక సెమిస్టర్‌లో దొరకదు.

సిద్ధాంతం పనిచేస్తోందో లేదో చూసే పరీక్ష ఒకటుంది. ప్రశ్నావళిలో కనీసం మూడు ప్రశ్నలకు ఎదురుగా ఆ సిద్ధాంతంలోని ఒక్కో భావన పేరు రాయగలగాలి. రాయలేకపోతే సిద్ధాంతాన్ని మార్చండి, లేదా ప్రశ్నలను మార్చండి.

చదవాల్సిన వ్యాసాల సంగతి క్లుప్తంగా. సారాంశం, పద్ధతి, పట్టికలు ముందు చూడండి, ఉపోద్ఘాతం చివర్లో. ప్రతి వ్యాసానికీ ప్రశ్న, సిద్ధాంతం, శాంపిల్, పరికరం (ప్రశ్నావళి లాంటిది), తేలిందేమిటి, లోపం ఏమిటి అని ఆరు గడుల వరుస ఒకటి షీట్‌లో నింపండి. పాతిక వరుసలైతే రెండో అధ్యాయం దానంతటదే కనిపిస్తుంది. భారతీయ పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు శోధగంగ అనే వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. రిఫరెన్సులకు జొటేరో అనే సాఫ్ట్‌వేర్ వాడితే చివరి వారం నిద్ర మిగులుతుంది.

సర్వేనా, ఇంటర్వ్యూనా

‘ఎంతమంది’, ‘ఎంత’ అనేవి సర్వే ప్రశ్నలు. ‘ఎలా’, ‘ఎందుకని’ అనేవి ఇంటర్వ్యూ ప్రశ్నలు. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా ఉపగ్రహం ద్వారా 6 రాష్ట్రాల్లోని సుమారు 2400 పల్లెలకు టీవీ చూపించిన సైట్ (శాటిలైట్ ఇన్‌స్ట్రక్షనల్ టెలివిజన్ ఎక్స్‌పెరిమెంట్) ప్రయోగంలో ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రెండూ ఉన్నాయి. దాన్ని అంచనా వేసేటప్పుడు పెద్ద సర్వేలతో సరిపెట్టక, మానవశాస్త్ర పరిశోధకులు పల్లెల్లో కాపురముండి కూడా చూశారు. మీకు అంత బలగం లేదు గనక ఏదో ఒకటి ప్రధానంగా పెట్టుకోండి.

సర్వే అనగానే అందరూ చెప్పే అంకె 385. 95 శాతం నమ్మకంతో, 5 శాతం అటూ ఇటూ తేడాతో నిష్పత్తిని కొలవడానికి కావలసిన మనుషులు వీళ్లు: 1.96 (95 శాతం నమ్మకానికి వాడే అంకె) వర్గాన్ని 0.25తో (జవాబులు సగం సగం అనుకుంటే 0.5 × 0.5) గుణించి 0.05 వర్గంతో భాగిస్తే 384.16 వస్తుంది. పల్లెలో పెద్దవాళ్లు 600 మందే ఉంటే 385ని 1.64తో భాగించాలి (1 కి 384/600 కలిపితే 1.64), అంటే 235 చాలు. కానీ ఈ లెక్కంతా మనుషుల్ని యాదృచ్ఛికంగా ఎంచినప్పుడే చెల్లుతుంది. గూగుల్ ఫారం లింకును క్లాస్ గ్రూపులో పడేసి 385 జవాబులు పోగేస్తే, అది మీ స్నేహితుల లెక్కే అవుతుంది. ఊళ్లో అయితే ఓటర్ల జాబితాను ఆధారంగా పెట్టుకోవచ్చు, లేదా ఇళ్లు లెక్కపెట్టి ప్రతి అయిదో ఇంటికి వెళ్లవచ్చు. ఆ ఇంటికి తాళం వేసి ఉంటే పక్కింటికి పోకండి, సాయంత్రం మళ్లీ రండి. పగలు ఇంట్లో దొరికేవాళ్లనే అడుగుతూ పోతే వేటకు వెళ్లేవాళ్లు మీ శాంపిల్‌లోకి రానే రారు.

ఇంటర్వ్యూలకు 12 నుంచి 15 మంది చాలు, కొత్త విషయం రావడం ఆగిందా అన్నది చూసుకుంటూ. కాలం మాత్రం ముందే లెక్క వేసుకోండి. గంట రికార్డింగు రాతలోకి దించడానికి 5, 6 గంటలు పడుతుంది. తెలుగు, ఒడియా కలగలిసిన మాటలైతే ఇంకా ఎక్కువ.

భాష దగ్గరే అసలు పని

పాఠ్యపుస్తకాలు పెద్దగా చెప్పనిది ఇక్కడుంది. సరిహద్దు జిల్లాలో ‘మీ భాష ఏది’ అని ఒక్క ప్రశ్న అడిగితే ఏమీ తెలియదు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో ఒడియా చదువుకుని, వాట్సాప్‌లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు టైపు చేస్తూ, యూట్యూబ్‌లో మైకు నొక్కి హిందీలో వెతికే కుర్రాడు ఒకే మనిషి. అందుకే వినే భాష, చదివే లిపి, టైపు చేసే లిపి, మైకులో పలికే భాష అని నాలుగు ప్రశ్నలు విడివిడిగా పెట్టండి. తెలుగు లిపిలో అచ్చేసిన ప్రశ్నావళి పంచితే, తెలుగు చక్కగా మాట్లాడే మనిషి కూడా చదవలేక పక్కవాడికిచ్చి నింపించేస్తాడు. ఆ జవాబు పక్కవాడిదే. మీరే చదివి వినిపించి, మీరే నింపండి.

ఇంగ్లీషు స్కేలును (ఒక భావనను కొలిచే ప్రశ్నల కట్టను) తెలుగు చేశాక, మూలం చూడని మరొకరితో తిరిగి ఇంగ్లీషులోకి పెట్టించండి. రెండు ఇంగ్లీషులూ పక్కపక్కన పెడితే ఎక్కడ జారిందో తెలుస్తుంది. ‘వినియోగ సౌలభ్యం’ లాంటి మాటలు పెట్టకండి. ‘ఎవరినీ అడక్కుండా మీరే నడుపుకోగలరా’ అంటే చాలు. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు పనిచేసిన ఊరు పర్లాకిమిడి, అక్కడి జనాన్ని గ్రాంథికంలో పలకరించడం మరీ అన్యాయం.

‘పూర్తిగా ఒప్పుకుంటాను’ నుంచి ‘అసలు ఒప్పుకోను’ దాకా పోయే అయిదు మెట్ల లైకర్ట్ స్కేలును నోటితో చదివితే చివరి మెట్టు చెప్పేసరికి మొదటిది మరచిపోతారు. రెండు విడతలుగా అడగండి: ముందు ‘ఒప్పుకుంటారా, లేదా, ఎటూ చెప్పలేరా’, తర్వాత ‘పూర్తిగానా, కొంచెమా’. ‘యాప్ తేలికగా, నమ్మకంగా ఉందా’ అంటే ఒకే వాక్యంలో రెండు ప్రశ్నలు అయ్యాయి, విడగొట్టండి. ‘రోజుకు ఎన్ని గంటలు చూస్తారు’ అని అడిగితే అందరూ రెండు గంటలంటారు. ‘నిన్న పొద్దున లేచాక ఎప్పుడు చూశారు, మధ్యాహ్నం ఎప్పుడు’ అని అడగండి. ఆండ్రాయిడ్ ఫోనులో డిజిటల్ వెల్‌బీయింగ్ ఉంటే, అనుమతి తీసుకుని మొత్తం సమయం మాత్రం రాసుకోండి. ఏయే యాప్‌లు వాడారో చూడకండి.

అసలు పనికి ముందు ఎనిమిది పది మందితో పైలట్ (ప్రశ్నావళిని ముందే పరీక్షించడం) తప్పనిసరి, వాళ్లను తుది శాంపిల్‌లో కలపకూడదు. ఎక్కడ ‘ఏంటి?’ అని మళ్లీ అడిగారు, ఎక్కడ అందరూ ఒకే జవాబిచ్చారు, ఎన్ని నిమిషాలకు చూపు గడియారం మీదికి పోయింది అని పక్కన గీసుకోండి. 20 నిమిషాలు దాటితే ప్రశ్నలు కోయాల్సిందే.

సిగ్నలు లేని ఊళ్లకు కోబో టూల్‌బాక్స్ అనే సర్వే ఫారాల సాధనం ఉచితంగా దొరుకుతుంది, నెట్ లేకుండా నింపి తర్వాత పంపవచ్చు. అయితే ఫారాన్ని ముందే ఫోనులోకి దించుకోవాలి, నింపాక ఖరారు చేయాలి. డ్రాఫ్టుగా వదిలేస్తే సర్వర్‌కి పోదు. ఫోను రీసెట్ అయితే రోజంతా తిరిగింది గాలికే. ప్రతి సాయంత్రం సిగ్నలున్న చోటికి వచ్చి పంపేయండి.

అనుమతి సంగతి

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లను పిల్లలుగానే చూస్తుంది. ఇంటర్ పిల్లలతో పనైతే తల్లిదండ్రుల ఒప్పుకోలు తీసుకోండి. చదవలేనివాళ్ల దగ్గర వేలిముద్ర వేయించుకోవడం కన్నా, విషయం చెప్పి ‘సరే’ అన్న మాటను రికార్డు చేసుకోవడం మేలు. వేలిముద్ర అనగానే బ్యాంకు కాగితమో, పథకం కాగితమో అనుకుంటారు, ఆశపడతారు కూడా. వాట్సాప్ గ్రూపు స్క్రీన్‌షాట్ ఇచ్చినవాళ్లు ఒప్పుకున్నా, అందులో మాట్లాడిన మిగతావాళ్లు ఒప్పుకోలేదు. సందేశం సారం రాసుకోండి, నంబర్లు, పేర్లు వద్దు.

లెక్కల్లో జరిగే తప్పులు

ఒక భావనకు నాలుగైదు ప్రశ్నలు పెట్టినప్పుడు క్రాన్‌బాక్ ఆల్ఫా (ఆ ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొందికగా ఉన్నాయో చెప్పే కొలత) చూస్తారు, 0.7 ఉంటే సాధారణంగా ఒప్పుకుంటారు. మరీ తక్కువో, మైనస్సో వస్తే ముందు ఉల్టా ప్రశ్నల (భావనకు వ్యతిరేకంగా అడిగినవాటి) మార్కులను తిప్పారో లేదో చూడండి. చాలాసార్లు జబ్బు అదే. జామోవి అనే గణాంక సాఫ్ట్‌వేర్ ఉచితం, ఈ పనికి సరిపోతుంది.

యాప్ తయారుచేసి పరీక్షిస్తున్నవాళ్లు వాడటం ఎంత తేలికో కొలిచే పది ప్రశ్నల సిస్టమ్ యూజబిలిటీ స్కేల్ వాడతారు. బేసి ప్రశ్నల మార్కులోంచి 1 తీయాలి, సరి ప్రశ్నల మార్కును 5లోంచి తీయాలి, అన్నీ కూడి 2.5తో గుణించాలి. బేసివన్నీ 4, సరివన్నీ 2 అయితే 15, 15 కలిపి 30, గుణిస్తే 75. ఇది శాతం కాదు. సగటు 68 దగ్గర ఉంటుంది కాబట్టి 60 వస్తే ఫస్ట్ క్లాసనుకోకండి.

వార్తలో, వీడియోలో వర్గాలుగా విడగొట్టే పనైతే ఇద్దరు కోడర్లు (వర్గాలు వేసేవాళ్లు) ఒకే భాగాన్ని విడివిడిగా కోడ్ చేయాలి. క్రిపెన్‌డార్ఫ్ ఆల్ఫా (ఇద్దరి కోడింగు ఎంత కలిసిందో చెప్పే కొలత) 0.80 దాటితే నిశ్చింత, 0.667కు తగ్గితే వర్గాల నిర్వచనాలు తిరగరాయాలి. ఆల్ఫా లెక్కించకముందే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని కోడ్‌లు ఒకేలా చేసేయడం మోసమే అవుతుంది.

రాసేటప్పుడు ఇంటర్వ్యూ మాటను మాట్లాడిన భాషలోనే ముందు ఉంచి, కింద ఇంగ్లీషు ఇవ్వండి. ఎంతమందిని అడిగారు, ఎంతమంది కాదన్నారు, ఎన్ని ఇళ్లకు తాళం ఉంది అన్న అంకెలు పద్ధతి అధ్యాయంలో ఉండాలి. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం ఇతరుల రాతతో పోలిక 10 శాతం దాకా ఉంటే జరిమానా లేదు, దాటితే మెట్లవారీగా చర్యలున్నాయి. ఎక్కువమంది దొరికిపోయేది రెండో అధ్యాయంలోనే, సిద్ధాంతాల నిర్వచనాలు ఎత్తిరాసి. ‘పరిమితులు’ కింద ‘సమయం చాలలేదు’ అని రాయకండి, అది అందరికీ చాలదు. ‘వేట సెలవుల్లో అడిగాం గనక వేట రోజుల్లో ఫోను వాడకం ఇంతకన్నా తక్కువ ఉండొచ్చు’ అని రాయండి. నింపిన ఫారాలు, రికార్డింగులు వైవా అయ్యేదాకా రెండు చోట్ల దాచండి. బయటి ఎగ్జామినర్ ఫలానా పట్టికలో ఈ అంకె ఎక్కడిది అని అడిగితే చూపించాల్సింది వాటినే.