ఎయిడ్స్ నియంత్రణ నిధులకు స్వచ్ఛంద సంస్థలు దరఖాస్తు చేసుకోవడం ఎలా?

హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారికి, ఆ ముప్పు ఎక్కువగా ఉన్న వర్గాలకు సేవలందించే సంస్థలకు జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) నిధులిస్తుంది. అలాగని దరఖాస్తు ఢిల్లీకి పంపక్కర్లేదు. మీ రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ మండలికి ఇవ్వాలి, అదీ వాళ్లు ప్రకటన ఇచ్చినప్పుడే. ఫలానా జిల్లాలో ఫలానా వర్గం కోసం సంస్థ కావాలని అందులో ఉంటుంది. మీ పని ఆ వర్గంతో కాకపోతే వదిలేయడమే మేలు.

సొసైటీ లేదా ట్రస్టు రిజిస్ట్రేషన్, నియమావళి, కార్యవర్గం వివరాలు, పాన్, ఎన్జీఓ దర్పణ్ (స్వచ్ఛంద సంస్థలు నమోదు చేసుకునే ప్రభుత్వ పోర్టల్) నంబరు, గత సంవత్సరాల ఆడిట్ లెక్కలు సాధారణంగా అడుగుతారు. ప్రకటనలో ఉన్న వరుసలోనే జత చేయండి.

చాలామంది టెన్షనంతా ఈ కాగితాల మీదే పెట్టుకుంటారు గానీ, అసలు పరీక్ష ఆ తర్వాతే. మొదటి వడపోతలో నిలిచిన సంస్థలను చూడటానికి ఒక పరిశీలన బృందం వస్తుంది. క్యాష్‌బుక్, వోచర్లు తిరగేస్తుంది, సిబ్బందితో మాట్లాడుతుంది, మీరు సేవ చేస్తున్నామని రాసినవాళ్లను కూడా కలుస్తుంది. అక్కడ మీ సంస్థ పేరే ఎవరికీ తెలియకపోతే ఎంత అందమైన ప్రపోజలైనా నిలవదు.

అందుకే ప్రపోజల్‌లో ఆశయాల గురించి రెండు వాక్యాలు చాలు. ఏ ప్రాంతంలో ఎంతమంది ఉన్నారు, పరీక్షకు ఎవరు తీసుకెళ్తారు, పాజిటివ్ వస్తే ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందుల చికిత్స) సెంటర్ దాకా ఎవరు తోడుంటారు, మందులు మానేసినవాళ్లను ఎలా వెతికి పట్టుకుంటారు అన్నవి వివరంగా రాయండి. పీర్ ఎడ్యుకేటర్లు, అంటే తోటివారికి అవగాహన కల్పించే కార్యకర్తలు, ఆ వర్గం నుంచే రావాలి. బడ్జెట్ నాకో ఖరారు చేసిన రేట్లకు లోబడి వేయాలి. ఏఆర్‌టీ మందులు 2004 నుంచి ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితమే కాబట్టి వాటికి పద్దు అక్కర్లేదు.

ఒక్క విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. చేసిన పనికి రుజువుగా బాధితుల పేర్లు, ఫొటోలు, కార్డుల జిరాక్సులు జత చేయకండి. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం, రాతపూర్వక సమ్మతి లేకుండా ఒకరి హెచ్‌ఐవీ స్థితిని బయటపెట్టకూడదు. సంఖ్యలు ఇస్తే సరిపోతుంది.

ఎంపికైతే మండలితో ఒప్పందం, ప్రాజెక్టుకు విడిగా బ్యాంకు ఖాతా. డబ్బు విడతలుగా వస్తుంది, ముందు ఇచ్చిన దానికి ఖర్చుల లెక్క చూపకపోతే తర్వాతి విడత ఆగిపోతుంది. ఆ మధ్యలో జీతాలు నెట్టుకురావడానికి చేతిలో కొంత సొమ్ము ఉంచుకోండి.