పసుపు గోలీల డబ్బా కూడా పట్టుకరండి

హన్మకొండల మా మందుల షాపుకు బీపీ, ఫిట్స్, రక్తం పల్చబడే గోలీల చీటీతోటి ఎవరొచ్చినా ముందు ఒకటే అడుగుత: "కాకా, ఇంకేమన్న వేసుకుంటున్నవా?" "ఏం లేదు బిడ్డా" అంటడు. సంచిల మాత్రం పసుపు క్యాప్సూళ్ల డబ్బా ఉంటది. ఆయన లెక్కల అది మందే కాదు.

ఆ డబ్బా తిప్పి చూడండి. చాలా వాటి మీద చిన్న అక్షరాలల్ల 'పైపరిన్' అని ఉంటది. మిరియాల ఘాటు అదే. పసుపుల ఉండే కర్కుమిన్ ఒంటికి సరిగ పట్టది, అందుకే ఇది కలుపుతరు. 1998ల అచ్చయిన ఒక పరిశోధనల 20 మిల్లీగ్రాముల పైపరిన్ కలిపితే కర్కుమిన్ పట్టుడు 20 రెట్లు పెరిగింది. తిరకాసు అక్కడ్నే ఉంది. పైపరిన్ పేగులల్ల, లివర్ల మందును విరిచే ఎంజైములకు అడ్డం పడ్తది. అప్పుడు ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్, బీపీకి వాడే ప్రొప్రనలాల్ అసొంటివి రక్తంల ఎక్కువైతయి. చీటీల డోసు అదే, ఒంట్ల డోసు వేరు.

చారుల మిరియాలకు భయపడకండి. పసుపు అమ్మే ఎనుమాముల మార్కెట్ ఉన్న ఊర్ల కూసొని కూరల పసుపు వద్దంటె నా మాట ఎవలింటరు? నేననేది క్యాప్సూల్ల కుక్కిన సారం గురించి.

సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక గోలీలది ఉల్టా కథ. మనసు కుదుటపడతదని అమెరికా నుంచి పిల్లలు పంపుతరు. అది సీవైపీ3ఏ4 అసొంటి మందును విరిచే ఎంజైములను పెంచుతది. దాంతోటి రక్తం పల్చబడే వార్ఫరిన్, గర్భం రాకుండ వేసుకునే గోలీలు, కిడ్నీ మార్పిడి అయినోళ్లు కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండ వేసుకునే సైక్లోస్పోరిన్ ఒంట్ల తొందరగ ఖర్చయితయి. పొద్దున ఇది, రాత్రి అది వేసుకుంటే సరిపోతదనుకోవద్దు. బంద్ చేసినా ఎంజైములు మామూలైతానికి రెండు వారాల దాకా పడ్తది.

"లివర్ టెస్టు నార్మలే వచ్చింది గద" అంటరు. ఆ టెస్టుల ఉండే ఎస్‌జీపీటీ లివర్‌కు దెబ్బ తగిలిందా అని చెప్తది, మందు ఎంత జల్ది విరుగుతుందో చెప్పది.

డబ్బా మీద మొదలుపెట్టిన తారీఖు పెన్నుతోటి రాయండి. వార్ఫరిన్ వాళ్లైతే కొత్తది మొదలుపెట్టే ముందు, ఆపే ముందు కూడా డాక్టర్‌ను అడగండి. రక్తం ఎంత పల్చగుందో చెప్పే ఐఎన్ఆర్ టెస్టు మళ్ల చూడాల్సి ఉంటది.

మొన్న ఒక పెద్దవ్వ మూడు డబ్బాలు కొంగున కట్టుకొచ్చింది. రెండు చదివిన. మూడోదాని మీద లేబులే లేదు. "అవ్వా, డాక్టర్‌కు చూపెట్టేదాక దీన్ని ముట్టకు" అని సంచిల వేరేగ పెట్టిచ్చిన.