ఉజ్జీవ కూటంలో ఏడ్చి ఇంటికొచ్చాక, సోమవారం నుంచి ఏం చేయాలి

ఉజ్జీవ కూటాల (భక్తిని మళ్ళీ రగిలించడానికి సంఘాలు పెట్టే ప్రార్థన సభల) చివరి రాత్రి స్టేజీ ముందుకు వెళ్ళి, మోకాళ్ళ మీద పడి ఏడ్చినవాళ్ళు మన హనుమకొండ, జనగామ, పరకాల వైపు తక్కువేం లేరు. ఆ ఏడుపు నిజమే, నేను దాన్ని ఎగతాళి చేయట్లేదు. కానీ టెంటు విప్పేసి, మైకుసెట్టు ట్రాలీలో ఎక్కించాక సోమవారం పొద్దున్న ఏం చేయాలో మాత్రం ఎవరూ వివరంగా చెప్పరు. "ప్రార్థన చేయి బ్రదర్, అంతా ప్రభువే చూసుకుంటాడు" అంటారు. ఆయన చూసుకునేది ఆయన చూసుకుంటాడు గానీ, మన దగ్గర ఉండిపోయిన పక్కోడి పైసలు మనమే తీసుకెళ్ళి ఇవ్వాలి కదా.

ముందు ఒక మాట గట్టిగా పట్టుకోండి. కింద చెప్పేవన్నీ చేస్తే దేవుడు క్షమిస్తాడని కాదు. లూకా 19లో జక్కయ్య అనే సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడి కథ చూడండి, యేసు ముందే "నేడు నేను నీ యింట ఉండాలి" అని అతని ఇంటికి వెళ్ళాడు, లెక్కలు ఆ తర్వాత వచ్చాయి. ఆస్తిలో సగం బీదలకు ఇస్తానని, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానని జక్కయ్యే లేచి చెప్పాడు, ఎవరూ అడగలేదు. ధర్మశాస్త్రం కూడా అంత అడగలేదు. సంఖ్యాకాండము 5లో తప్పు ఒప్పుకొని, అసలు మొత్తం, దాని మీద ఐదో వంతు కలిపి, నష్టపోయిన మనిషికే ఇవ్వాలని ఉంది. అంటే పది వేలు కాజేస్తే పన్నెండు వేలు. నాలుగంతలు అనేది గొర్రెను దొంగిలించి కోసుకున్నవాడికి నిర్గమకాండము 22లో వేసిన జరిమానా. జక్కయ్య తనకు తాను దొంగకు వేసే లెక్కే వేసుకున్నాడు.

కాబట్టి ఒక కాగితం, పెన్ను తీసుకోండి, ఫోన్లో నోట్స్ వద్దు, ఇంట్లో ఎవరి కంటైనా పడితే ఇంకో గొడవ. కాగితం మీద "నాలో అహంకారం ఉంది, మోహం ఉంది, లోకాశలున్నాయి" అని రాయకండి. అలా రాస్తే రేపు పొద్దున చేయడానికి పనేమీ దొరకదు. మనిషి పేరు రాయండి, పక్కన ఏం చేశారో రాయండి, పైసలైతే ఎంతో రాయండి. 51వ కీర్తన చదివి ప్రార్థించడం మంచిదే, మనందరికీ సగం కంఠతా వచ్చు కూడా, కానీ ఆ కీర్తన వెనక దావీదు రాజు చంపించిన ఊరియా అనే ఒక మనిషి శవం ఉంది. నాతాను ప్రవక్త వచ్చి గొర్రెపిల్ల కథ చెప్పి, ఆ మనిషివి నువ్వే అన్నాకే దావీదు నోటి నుంచి ఒప్పుకోలు వచ్చింది.

కాగితం మీద ఏమీ తోచకపోతే లూకా 3 తెరవండి. జనం బాప్తిస్మమిచ్చే యోహాను దగ్గరికి వచ్చి మేమేం చేయాలి అని అడిగితే ఆయన ఒక్కొక్కరికి వాళ్ళ పని చూసి జవాబు చెప్పాడు. రెండు అంగీలు ఉన్నవాడు లేనివాడికి ఒకటివ్వాలి. సుంకరులు నిర్ణయించిన దానికన్నా ఎక్కువ వసూలు చేయొద్దు. సైనికులు ఎవర్నీ బెదిరించి లాక్కోవద్దు, తప్పుడు నిందలు వేయొద్దు, వచ్చిన జీతంతో సరిపెట్టుకోవాలి. ఇది చదివినప్పుడల్లా నాకు ఏనుమాముల మార్కెట్‌లో కాంటా దగ్గర నిలబడే మనిషి గుర్తొస్తాడు. బస్తాకు ఇంత తరుగని ఇష్టమొచ్చినట్టు కోసేవాడు, పట్టా పని కోసం తిరిగే ముసలాయన దగ్గర కవర్ తీసుకునే ఉద్యోగి, కూలోళ్ళ మస్టర్‌లో లేని పేర్లు ఎక్కించేవాడు, వీళ్ళందరికీ ఆ అధ్యాయంలో సూటిగా జవాబుంది. ఉద్యోగం మానేయమని యోహాను చెప్పలేదు, చేసే చోటే దొంగతనం ఆపమన్నాడు. పనే తప్పయితే, అంటే ఇంట్లో బెల్టు షాపు నడుపుతూ ఆదివారం ముందు వరుసలో కూర్చుంటే, దానికి పెద్ద ఆలోచన అక్కర్లేదు, మూసేయండి.

పత్తి కాలం గురించి విడిగా చెప్పాలి. చేను మీదికి ఆడవాళ్ళను పిలిచి ఏరించి, "మార్కెట్‌ల పైసలు రాంగనే ఇస్త" అని నెలలు తిప్పే రైతులు మన సంఘాల్లో కూడా ఉన్నారు. యాకోబు 5:4లో పంట కోసినవాళ్ళకు ఇవ్వకుండా ఆపిన కూలే మొరపెడుతోందని రాసి ఉంది. మీ కాగితంలో ఆ కూలి బాకీ ఉంటే మిగతావన్నీ పక్కనపెట్టి ముందు అదే తీర్చండి. వెళ్ళినప్పుడు పెద్ద ఉపన్యాసం వద్దు. "అక్కా, పోయినేడు పత్తి ఏరినప్పుడు కాంటా మీద నీకు తక్కువ రాసిన. తప్పయింది. ఇగో నీ పైసలు" అని ఇచ్చి రండి. "ప్రభువు నన్ను మార్చాడు" అనే సాక్ష్యం అక్కడ మొదలుపెట్టకండి, ఆమె అడిగితే అప్పుడు చెప్పొచ్చు.

వడ్డీ సంగతి చెబితే కొందరికి కోపం వస్తుంది, రానివ్వండి. నూటికి ఐదు రూపాయలు అని మామూలుగా అనేస్తాం. యాభై వేలకు నెలకు 2,500, ఏడాదికి 30,000. అంటే రెండేళ్ళు తిరగకముందే వడ్డీయే అసలును దాటిపోతుంది, అసలు మాత్రం అట్లాగే ఉంటుంది. నెహెమ్యా 5లో పేదల పొలాలు, ద్రాక్షతోటలు తాకట్టు పెట్టించుకున్న పెద్దల మీద నెహెమ్యా మండిపడి, పొలాలతో పాటు నూటిలో ఒక వంతుగా వసూలు చేస్తున్నది కూడా వాపసు ఇమ్మన్నాడు. నూటికి ఒక్క వంతుకే అంత కోపమొచ్చింది. ఆసుపత్రి ఖర్చుకో, పెట్టుబడికో మీ దగ్గర అప్పు తీసుకున్న పేదవాళ్ళు ఉంటే ఇప్పటిదాకా కట్టింది లెక్క చూసి, అసలు ఎప్పుడో తీరిపోయి ఉంటే నోటు చింపేయండి, చింపింది వాళ్ళ చేతికే ఇవ్వండి. ఎవరికైనా వాపసు ఇవ్వాల్సింది ఒకేసారి ఇచ్చే స్తోమత లేకపోతే నెలకింత అని చెప్పి ఇవ్వండి. నష్టపోయిన మనిషి చనిపోతే? దానికీ సంఖ్యాకాండము 5లోనే దారి ఉంది, ముందు దగ్గరి బంధువుకు, ఎవరూ లేకపోతే దేవునికి, యాజకుని చేతికి. ఇవాళ అయితే అది బీదలకు చేరితే చాలని నా అభిప్రాయం, పాస్టరు గారి బండి ఈఎంఐకి కాదు.

ఇక ఒప్పుకోవడం. దీంట్లో మనవాళ్ళు రెండు వైపులా తప్పు చేస్తారు, ఒకరు అసలు నోరు విప్పరు, ఇంకొకరు మైకు దొరగ్గానే అన్నీ చెప్పేస్తారు. పాపం ఎంతమందిని తాకిందో అంతమందికే చెప్పాలి, అంతే. పరాయి స్త్రీతో సంబంధం గురించి సాక్ష్యంలో చెబితే మీ గుండె బరువు తగ్గుతుందేమో, వెనక వరుసలో కూర్చున్న మీ భార్య తల ఎక్కడ పెట్టుకోవాలి? అలాంటిది ముందు ఇంట్లో, సంఘంలో నమ్మకమైన పెద్ద దంపతుల్ని దగ్గర పెట్టుకొని మాట్లాడాలి. ఫోన్లో చూసే చెత్త, ఆన్‌లైన్ బెట్టింగ్, ఇలాంటి రహస్యాలకు ఒక్క మనిషి చాలు, మగవాళ్ళకు మగవాళ్ళు, ఆడవాళ్ళకు ఆడవాళ్ళు, వయసులో కాస్త పెద్దవాళ్ళు, వాట్సాప్ గ్రూపులో ప్రార్థన విన్నపంగా పెట్టే రకం కానివాళ్ళు. కాజీపేట ఫాతిమా కేథడ్రల్‌కు వెళ్ళే క్యాథలిక్ కుటుంబాలకు పాపసంకీర్తనం ఉంది, అక్కడ విన్నది ఫాదర్ గారు ఎవరికీ చెప్పకూడదనే నియమం కూడా ఉంది. మిగతా సంఘాల్లో అలాంటి రాసిన నియమం ఉండదు కాబట్టి మనిషిని చూసుకొని ఎంచుకోండి.

కొన్నింటికి ప్రార్థన గది సరిపోదు. చిన్నపిల్లల మీద లైంగిక దాడి జరిగితే అది సంఘం పెద్దలు కూర్చొని తీర్చే పంచాయితీ కాదు, తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలని పోక్సో చట్టమే చెబుతోంది, 1098కి ఫోన్ చేయొచ్చు. అలాగే భార్యను కొట్టిన మనిషి మారాను అన్నంత మాత్రాన, పుట్టింట్లో ఉన్న ఆమెను వెంటనే వచ్చేయమని అడిగే హక్కు అతనికి రాదు. క్షమించడం ఒకటి, మళ్ళీ దెబ్బల్లోకి వెళ్ళడం ఇంకొకటి. నమ్మకం రావడానికి ఏళ్ళు పట్టినా ఓపిక పట్టడం అతని పశ్చాత్తాపంలో భాగం. సాయం కావాల్సిన ఆడవాళ్ళకు 181 ఉంది. ఆమె మీదే ఒత్తిడి తెచ్చే పాస్టరు గారి మాట ఈ విషయంలో వినక్కర్లేదు.

తాగుడు గురించి రెండు మాటలు. రోజూ ఎక్కువగా తాగే మనిషి కూటంలో తీర్మానం చేసుకొని ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడం, ఫిట్స్ రావడం, మతి తప్పి మాట్లాడటం జరగొచ్చు, ప్రాణం మీదికి కూడా రావచ్చు. అది దయ్యం కాదు, నూనె రాసి కూర్చోబెట్టకండి. డాక్టరుకు చూపించి మందులతో మాన్పించాలి. 14446 అనే టోల్‌ఫ్రీ నంబర్ వ్యసనాలు మానాలనుకునేవాళ్ళ కోసమే ఉంది. తర్వాత అసలు పరీక్ష దావతుల్లో. దసరాకు, పెళ్ళికి, ఆఖరికి దినాలకు కూడా మన దగ్గర సీసా లేకుండా కుదరదాయె. అక్కడ బైబిల్ తీయకండి. "నాకొద్దు మామా, తాగుడు ఇడిసిపెట్టిన. కూర గిట్ల ఉంటే రెండు ముక్కలు ఎక్కువెయ్యి" అంటే నవ్వుతారు, నాలుగైదు దావతుల తర్వాత పోయడం వాళ్ళే మానేస్తారు.

ఇంట్లో మీరొక్కరే నమ్మినవాళ్ళైతే, చాలామందిది ఇదే పరిస్థితి, అమ్మ బతుకమ్మ పేరుస్తుంటే పువ్వుల మీద వ్యాఖ్యానాలు చేయకండి. మీరు ఏ పూజలో పాలుపంచుకోరో ఒకసారి మర్యాదగా చెప్పండి, తర్వాత ఆ రోజు ఇంటి పనిలో అందరికన్నా ఎక్కువ చేయండి. వాళ్ళ దేవుళ్ళను తిట్టడం శిష్యత్వం కాదు, నోటి దురుసు. ఇంకోటి, సంఘానికి దశమ భాగం, అంటే ఆదాయంలో పదో వంతు, ఠంచనుగా ఇస్తూ బాపు షుగర్ మాత్రలకు పైసలు పంపని భక్తులున్నారు. మార్కు 7లో కొర్బాను అని పేరు పెట్టి, అంటే అది దేవునికిచ్చేశానని చెప్పి, తల్లిదండ్రులకు ఇవ్వాల్సింది ఎగ్గొట్టినవాళ్ళను యేసు నిలదీశాడు. ముందు మాత్రలు కొనండి.

వాక్యం చదవడం విషయానికొస్తే, వాగ్దానాల క్యాలెండర్‌లో రోజుకో వచనం చూసుకోవడం చదవడం కిందికి రాదు. మార్కు సువార్తతో మొదలుపెట్టండి, 16 అధ్యాయాలే, రోజుకొకటి చొప్పున పదహారు రోజులు. ఆ తర్వాత లూకా. కొత్త నిబంధన మొత్తం 260 అధ్యాయాలు, ఇదే లెక్కన తొమ్మిది నెలల్లోపు అయిపోతుంది. గోదావరిఖనిలోనో భూపాలపల్లిలోనో సింగరేణి షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళు "ఉదయం నాలుగింటి ప్రార్థన" కుదరట్లేదని టెన్షన్ పడతారు. నైట్ షిఫ్ట్ దిగి వచ్చినవాడికి నిద్రే కావాలి, లేచాక చదవండి, వారానికో షిఫ్టు మారుతుంది కాబట్టి గంటను కాకుండా పనిని పట్టుకోండి, అన్నం ముందు అనో, డ్యూటీకి బయల్దేరే ముందు అనో. ఫోన్ రాత్రి పడక గదిలో ఉండొద్దు, హాల్లో చార్జింగ్‌కి పెట్టండి. దీనికి బైబిల్ వచనం లేదు, పనిచేస్తుంది.

సంఘం ఒక్కటి పట్టుకోండి. పొద్దున ఒకచోట పాటలు బాగుంటాయని, మధ్యాహ్నం ఇంకోచోట స్వస్థత కూటమని తిరిగేవాణ్ణి తప్పు చేస్తే దిద్దేవాళ్ళు ఎక్కడా ఉండరు. బాప్తిస్మం ఎప్పుడు, ముంచడమా చిలకరించడమా అనేది మీ సంఘంలో అడగండి, దాని మీద నేను వాదన పెట్టుకోను. దోర్నకల్‌లో వేదనాయకం శామ్యూల్ అజరయ్య అని బిషప్ ఉండేవారు, 1912లో ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు. ఆయన కాలంలో సంఘంలో చేరింది ఎక్కువగా మాల, మాదిగ వాడల నిరుపేదలే. బాప్తిస్మం పొందినవాళ్ళ చేత తల మీద చేయి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అనే పౌలు మాట పలికించేవారు. చదువు రాని కూలీలు కూడా ఆ మాట పలికారు. వాళ్ళ చేతిలో కరపత్రం లేదు, మైకు లేదు, ఊళ్ళో బతికే తీరు ఒక్కటే ఉంది.

మళ్ళీ పడతారు, అందరూ పడతారు. అప్పుడు సంఘానికి మొహం చాటేసి డిసెంబర్ 31 రాత్రి ఆరాధన దాకా ఆగి, కొత్త సంవత్సరంతో పాటు కొత్త తీర్మానం చేసుకోవడం మనకున్న పాత జబ్బు. పాపాలు ఒప్పుకుంటే దేవుడు క్షమిస్తాడనే 1 యోహాను 1:9కి తేదీ లేదు. పడిన రోజే ఒప్పుకోండి, మీరు ఎంచుకున్న ఆ ఒక్క మనిషికి అదే రోజు ఫోన్ చేయండి, వచ్చే ఆదివారం మానకండి. ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆచారం విషయంలో కూడా, తనను తాను పరీక్షించుకొని తినమని పౌలు రాశాడు, పరీక్షించుకొని ఇంట్లో కూర్చోమని రాయలేదు. మీ సంఘంలో నెల మొదటి ఆదివారం బల్ల ఉంటే ముందు రోజు శనివారం సాయంత్రం ఆ కాగితం మళ్ళీ తీయండి. కొట్టేయని పేరు ఏదైనా మిగిలి ఉంటే, పట్నంలో ఉన్నవాళ్ళకు ఫోన్ చేయండి, ఊళ్ళోనే ఉంటే నడిచి వెళ్ళండి. పల్లెల్లో ఎనిమిదింటికే పడుకుంటారు, చీకటి పడకముందే బయల్దేరండి.