ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో కొత్త కట్టడం: సర్టిఫయర్‌ను మీరే ఎంచుకోండి

"మాకు తెలిసిన సర్టిఫయర్ ఉన్నారు, అదంతా మేం చూసుకుంటాం" అని బిల్డర్ అంటే అక్కడే ఆగండి. న్యూ సౌత్ వేల్స్ చట్టం ప్రకారం ప్రిన్సిపల్ సర్టిఫయర్‌ను, అంటే కట్టడాన్ని దశలవారీగా తనిఖీ చేసి సర్టిఫికెట్ ఇచ్చే మనిషిని, నియమించాల్సింది కట్టడం అనుమతి ఎవరికి చెందుతుందో వాళ్లే, అంటే స్థలం యజమాని లాంటివాళ్లు. స్థలం తనదైతే తప్ప బిల్డర్‌కు ఆ హక్కు లేదు. తన పనిని తనిఖీ చేసే మనిషిని తానే పెట్టుకోకూడదు కదా. పేరు సూచిస్తే వినండి, ఒప్పుకోవాలని లేదు. ఈ పనికి కౌన్సిల్‌నూ (స్థానిక సంస్థను) అడగొచ్చు.

ముందు ప్రభుత్వ రిజిస్టర్‌లో పేరు వెతకండి. రిజిస్ట్రేషన్ అమల్లో ఉందా, షరతులు, క్రమశిక్షణ చర్యలు ఏమైనా ఉన్నాయా చూడండి. చాలామంది చూడకుండా వదిలేసేది, ఏ తరగతి కట్టడాలకు ఆ సర్టిఫయర్‌కు అధికారం ఉందన్నది. కొందరికి 1, 10 తరగతులకే, అంటే ఇళ్లు, టౌన్‌హౌస్‌లు, గ్యారేజీల వంటి వాటికే అధికారం. అపార్ట్‌మెంట్లు 2వ తరగతి. అక్కడ ఆ రిజిస్ట్రేషన్ పనికిరాదు. డిజైన్‌లో చేయి ఉన్నవాళ్లను, బిల్డర్‌తో ఆర్థిక సంబంధం ఉన్నవాళ్లను పక్కన పెట్టండి.

కోట్ తీసుకున్నప్పుడు మొత్తం అంకె చూసి మురిసిపోవద్దు. కన్‌స్ట్రక్షన్ సర్టిఫికెట్ (పని మొదలుపెట్టే ముందు కావాల్సింది), అన్ని తనిఖీలు, చివరి ఆక్యుపేషన్ సర్టిఫికెట్ (కట్టడాన్ని వాడుకోవడానికి ఇచ్చేది) అందులో ఉన్నాయా? తనిఖీ ఫెయిలై మళ్లీ రావాల్సి వస్తే ఎంత? చవక కోట్లలో కిటుకు ఎక్కువగా అక్కడే ఉంటుంది. రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి.

అసలు పరీక్ష తనిఖీల దగ్గర. ఇంటికైతే పునాది తవ్వాక, కాంక్రీట్ పోసే ముందు, గోడలు, పైకప్పుల ఫ్రేమ్ మూసే ముందు, బాత్రూమ్ వాటర్‌ప్రూఫింగ్ మీద టైల్స్ వేసే ముందు, వాననీటి పైపుల కనెక్షన్లు పూడ్చే ముందు, పనంతా అయ్యాక. ప్రతిసారీ బిల్డర్ కనీసం 48 గంటల ముందు సర్టిఫయర్‌కు కబురు చేయాలి. టైల్స్ పడ్డాక వాటర్‌ప్రూఫింగ్ చూడటం కుదరదు. ఆ తప్పిన తనిఖీ చివరికి ఆక్యుపేషన్ సర్టిఫికెట్‌కు అడ్డం పడొచ్చు. అందుకే పిలిచాక ఎన్నాళ్లకు వస్తారు, సెలవులో ఉంటే ఎవరొస్తారు అని సర్టిఫయర్‌ను ముందే అడగండి.

కన్‌స్ట్రక్షన్ సర్టిఫికెట్ చేతికి రాకుండా గుంత కూడా తవ్వించొద్దు. చేసేసిన పనికి తర్వాత ఆ సర్టిఫికెట్ ఇవ్వరు. పని మొదలుపెట్టే తేదీ కనీసం రెండు రోజుల ముందు కౌన్సిల్‌కు, సర్టిఫయర్‌కు తెలియజేయాలి.

ఒక్కటి మాత్రం ఆయన నుంచి ఆశించకండి: పెయింట్ నాణ్యత, టైల్స్ అతుకులు చూడటం సర్టిఫయర్ పని కాదు. అది కావాలంటే వేరే ఇన్‌స్పెక్టర్‌ను పెట్టుకోండి.