షోరూమ్ బయట సర్వీసింగ్ చేయించినా కారు వారంటీ పోకుండా ఎలా చూసుకోవాలి?

మా ఇల్లు, బంధువుల ఇళ్లు కలిపి ఆరు కార్ల సర్వీసింగ్ నా నెత్తినే ఉంది. ఎక్కువ పని నెల్లూరు ఆటోనగర్‌లోనే చేయిస్తాను. ఇంతవరకు ఒక్క బండికీ వారంటీ పోలేదు. అయినా "బయట ఆయిల్ మార్పించానన్నా, షోరూమ్ వాళ్లు వారంటీ లేదంటున్నారు" అని ఎవరో ఒకరు ఫోన్ చేస్తూనే ఉంటారు. నేను అడిగేది ఒకటే, బిల్లు ఏదీ అని. అవతల చప్పుడు ఉండదు.

ముందు పుస్తకం తీయండి

డాష్‌బోర్డు అరలో కవరు కూడా విప్పకుండా పడి ఉంటుంది, వారంటీ పుస్తకం. ఎన్నాళ్లకి సర్వీసు, ఏ గ్రేడు ఆయిల్, ఏ కారణాలకి వారంటీ చెల్లదు అన్నవి చూడండి. "10,000 కిలోమీటర్లు లేదా ఏడాది" అంటే ఏది ముందొస్తే అది. మా పెదనాన్న కందుకూరు నుంచి శనివారం మాలకొండకి తప్ప బండి తీయడు. ఏడాదికి 3,000 కూడా తిరగలేదు కదా అని సర్వీసు వదిలేశాడు. తేదీ మాత్రం దాటిపోయింది. అదే చీమకుర్తి క్వారీల దారిలో రోజూ తిరిగే బండి అయితే, దుమ్ములో నడిపేవాటికి పుస్తకంలో వేరే లెక్క ఉంటుంది. ఎయిర్ ఫిల్టర్, ఆయిల్ ఇంకా ముందే మార్చాలి.

డబ్బు కట్టి పొడిగించుకున్న వారంటీ వేరే ఒప్పందం. కంపెనీ వర్క్‌షాపులోనే సర్వీసు అని అందులో రాసి ఉంటే బయటికి వెళ్లొద్దు. దానికి నా దగ్గర ఉపాయం లేదు.

లేబర్ ఉచితమైన మొదటి సర్వీసులు షోరూమ్‌లోనే చేయించాలి. ఆయిల్‌కి డబ్బు తీసుకుంటారు కదా అని గొణగొద్దు. కంపెనీ కంప్యూటర్‌లో మీ బండి చరిత్ర అక్కడే మొదలవుతుంది.

ఏవి బయట, ఏవి కాదు

ఆయిల్, ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు, అలైన్‌మెంట్ బయట చేయించొచ్చు. ఇంజిన్ విప్పడం, గేర్‌బాక్సు, ఎయిర్‌బ్యాగ్ జోలికి వారంటీ ఉన్నన్నాళ్లు బయట పోవద్దు. రివర్స్ కెమెరా కోసమో, పెద్ద హారన్ కోసమో వైరు కోసి టేపు చుట్టించుకుంటే, రేపు ఎలక్ట్రికల్ సమస్య వచ్చినప్పుడు వాళ్లు చూపించేది ఆ టేపునే. అప్పుడు వాళ్లదే న్యాయం.

సరుకు మీరే కొనండి

చాలామంది మెకానిక్‌కే వదిలేస్తారు. అది తప్పు. ఆయిల్, ఫిల్టర్ కంపెనీ స్పేర్ పార్ట్స్ కౌంటర్‌లో నేనే కొని తీసుకెళ్తాను. ఒక వంద ఎక్కువైనా, పార్ట్ నంబరుతో సహా జీఎస్టీ బిల్లు చేతికొస్తుంది. "నకిలీ ఫిల్టర్ వేశారు" అనడానికి నోరు రాదు. ఆన్‌లైన్లో తెప్పిస్తే చౌక అని మా తమ్ముడు అంటాడు. వాడితో వాదించడం మానేశాను.

బిల్లు: అందరూ తప్పేది ఇక్కడే

మెకానిక్ చిట్టీ మీద "ఆయిల్ సర్వీస్ 3,200" అని రాసిస్తాడు. అది కాగితమే గానీ బిల్లు కాదు. ఏ బండికి, ఏ రోజు, ఏ ఆయిల్ అన్నది దాన్ని చూసి ఎవరూ చెప్పలేరు.

బిల్లు మీద బండి నంబరు, ఛాసిస్ నంబరు, తేదీ, ఆ రోజు మీటరు రీడింగ్ ఉండాలి. ఆయిల్ గ్రేడు పూర్తిగా ఉండాలి. పుస్తకంలో 0డబ్ల్యూ-20 అని ఉంటే బిల్లులో కూడా అదే ఉండాలి, వట్టి "ఇంజిన్ ఆయిల్" కాదు. 5డబ్ల్యూ-30 పోస్తే ఇంకా మంచిదని మెకానిక్ చెప్తాడు. మంచిదే కావచ్చు, మీ పుస్తకం ఒప్పుకోకపోతే పోయించొద్దు. ఎన్ని లీటర్లు పోశారో కూడా రాయించండి. పుస్తకంలో 3.5 ఉండి బిల్లులో 3 ఉంటే, మిగతా అర లీటరు ఏదని అడుగుతారు.

ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటని చిన్న షాపుకి జీఎస్టీ నంబరు ఉండక్కర్లేదు. అలాంటిచోట వరుస నంబరున్న అచ్చు బిల్లు మీద పైవన్నీ రాయించి, ముద్ర, సంతకం తీసుకోండి. డబ్బు ఫోన్‌పేలోనే కొట్టండి, ఆ తేదీ ఇంకో సాక్ష్యం. "మన మధ్య బిల్లెందుకన్నా" అంటాడు. మొహమాటపడొద్దు. నేను మొహమాటపడ్డ రోజు ఒకటుంది, మళ్లీ తిరిగెళ్లి రాయించుకునేసరికి ఒక పూట పోయింది. వారం తర్వాత పాత తేదీ వేయించుకునే పని అసలు వద్దు. మీటరు రీడింగ్, తేదీ పొంతన కుదరకపోతే మంచి బిల్లుల మీద కూడా అనుమానం వస్తుంది.

పని మొదలుపెట్టే ముందు మీటరు ఫోటో, సీలు తీయని ఆయిల్ డబ్బా ఫోటో, విప్పిన పాత ఫిల్టర్ ఫోటో తీసుకోండి. అంతా రెండు నిమిషాల పని.

కౌంటర్ దగ్గర కాదంటే

మా బావ కారు ఏసీ కంప్రెసర్ 38,000 కిలోమీటర్ల దగ్గర పోయింది. "రెండు సర్వీసులు మా దగ్గర చేయించలేదు సార్, వారంటీ రాదు" అన్నారు. ఇంజిన్ ఆయిల్‌కీ ఏసీ కంప్రెసర్‌కీ ఏమిటి సంబంధం అని అడిగాను. తర్వాత బిల్లులన్నీ దాచిన ఫైలు ముందు పెట్టి, రాదన్న మాట, దానికి కారణం కాగితం మీద రాసివ్వమన్నాను. రాసివ్వలేదు. వారం తర్వాత కంప్రెసర్ మార్చారు.

2014 ఆగస్టులో, మార్కెట్లో కంపెనీల పోటీ సక్రమంగా ఉందా అని చూసే కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకి 2,500 కోట్లకు పైగా జరిమానా వేసింది. బయట రిపేరు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేయకూడదని, ఆ బయటి పని లోపం వల్ల వచ్చిన నష్టానికి మాత్రం కాదనొచ్చని అందులో ఉంది. కంపెనీలు దాని మీద పై కోర్టులకి వెళ్లాయి. అందుకే కౌంటర్‌లో ఆ ఆర్డరు పేరు చెప్పి గొంతు పెంచడం కంటే బిల్లులు పరవడమే నాకిష్టం. అప్పటికీ వినకపోతే కంపెనీ కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టి, తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలంటే రెండేళ్ల గడువు ఉంటుంది.

ఇంకొకటి, ఆ ఫైలు బండిలో పెట్టొద్దు. దాంతో పనిపడేసరికి బండి షోరూమ్ లోపల ఉంటుంది.